సబ్‌మెరైన్‌కి వెళ్ళిన ఆదివారం

ఉమాశంకర్ విశాఖ ఆటోనగర్‌లో పంపుల ఫిట్టరు. ఆరడుగులకి అంగుళం తక్కువ మనిషి, చేతులు రోకళ్ళలా ఉంటాయి. తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టు ఎవరికీ రాకపోతే అతన్నే పిలుస్తారు. పుష్పని పెళ్ళి చేసుకునేటప్పటికి అతనికి ముప్పైతొమ్మిదేళ్ళు. అంతవరకూ ఆగడానికి పెద్ద కారణమేమీ లేదు. తగరపువలస పక్క పల్లెలో తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్ళు మిగిలారు. ఒకణ్ణి ఐటీఐ చదివించి, రెండోవాడికి కిరాణా కొట్టు పెట్టించి, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసి వెనక్కి తిరిగి చూసుకునేసరికి, ఇతని పెళ్ళి మాటెత్తే పెద్దలు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు.

పుష్పది కంచరపాలెం. మొగుడు గణేష్ లారీ మెకానిక్కు, మూడేళ్ళ కిందట కామెర్లు ముదిరి పోయాడు. ఇద్దరాడపిల్లలు. జగదాంబ సెంటర్ దగ్గర బట్టల షాపులో చీరలు మడతలు విప్పి చూపించే ఉద్యోగం. దూరపు చుట్టరికం ఏదో ఉంది కాబట్టి పుష్ప అతన్ని బావా అనే పిలిచేది. సింహాచలంలో పెళ్ళయింది. పిల్లల స్కూలు దూరమైపోతుందని ఉమాశంకరే తన పెట్టె, సైకిలు పంపు, ఇత్తడి కూజా పట్టుకుని కంచరపాలెంలో వాళ్ళ రెండు గదుల ఇంటికి వచ్చేశాడు.

చిన్నది దేవి ఒకటో తరగతి. వారం రోజుల్లో అతని భుజాలెక్కింది. పెద్దది నాగశ్రీ ఏడో తరగతి. ఆ పిల్ల ఎప్పుడూ పెడసరంగా మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, నీళ్ళిచ్చేది, బండి తాళం ఎక్కడో పెట్టి మరిచిపోతే వెతికి తెచ్చి బల్ల మీద పెట్టేది. కానీ ఏదైనా చెప్పాలంటే వచ్చి ఎదురుగా నిలబడి, అతను తలెత్తేదాకా ఊరుకుని, అప్పుడు చెప్పేది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వెనకనుంచి కేకేసి పిలవలేదు. పిలవడానికి మాట లేదు మరి.

పుష్ప ఒకసారి కోప్పడబోయింది. "పిల్లా, నాన్నా అంటే నోరరిగిపోతాదా?"

"ఎందుకేటి ఇప్పుడది?" అన్నాడు ఉమాశంకర్. "అన్నం కూడా అడిగి పెట్టించుకుంటే సరిగ్గా దిగదు."

ఆదివారాలే కష్టంగా ఉండేవి. ఆదివారం బట్టల షాపులో రద్దీ, పుష్పకి సెలవుండదు. ఉమాశంకర్‌కి సెలవు. పొద్దున తొమ్మిది నుంచి ఇంట్లో అతనూ ఇద్దరు పిల్లలూను. దేవి ఉన్నంతసేపూ సందడి. అది పక్కింటికి ఆడుకోవడానికి పోయిందంటే, గోడవతల వెళ్ళే గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నిశ్శబ్దం.

ఆటోనగర్‌లో తనతో పనిచేసే పోలిరాజుతో ఒకరోజు ఈ మాట అన్నాడు. పోలిరాజు ముగ్గురు పిల్లల తండ్రి.

"ఇంట్లో కూకుంటే ఎలగ బావా? తిప్పాలి. బీచికి తీసుకెల్లు, సబ్‌మెరైన్ సూపించు, దాని ఎదురుగా ఇమానం ఉంది, అది సూపించు. మా పిల్లలు మూడు దినాలు అదే మాట్లాడుకున్నారు."

"నాను కూడా సూడలేదు బావా."

"ఇరవయ్యేళ్ళబట్టి ఊళ్ళో ఉండి సూడలేదేటి?"

రోడ్డు మీంచి చూశాడు, వందసార్లు చూసి ఉంటాడు. బీచి ఒడ్డున నల్లగా, పొడుగ్గా, కాంక్రీటు దిమ్మల మీద ఎక్కించిపెట్టిన ఓడ. రోడ్డు మీంచి చూస్తే చాలా పెద్దదిగానే కనబడుతుంది. లోపలికి వెళ్ళాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళప్పుడు ఉమాశంకర్ ఒక కాంట్రాక్టరు కింద పాత నూనె ట్యాంకు శుభ్రం చేసే పనికి వెళ్ళాడు. మనిషి పట్టేంత కంతలోంచి లోపలికి దిగి, గోడలకి అంటిన మడ్డిని గీకాలి. మధ్యాహ్నం వేళ లైటు పోయింది. పైవాళ్ళు కరెంటు పోయిందనుకుని భోజనాలకి వెళ్ళిపోయారు. లోపల ఒకడున్నాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. గంటో గంటన్నరో ఆ చీకట్లో ఉండిపోయాడు. దెబ్బేమీ తగల్లేదు. పైకి లాగాక టీ తాగించారు, మర్నాడు పనిలోకి కూడా వెళ్ళాడు. అయితే అప్పట్నించీ లిఫ్టెక్కడు. నాలుగో అంతస్తయినా ఆరో అంతస్తయినా మెట్లే. బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే నిలబడే వెళతాడు. ఈ సంగతి తమ్ముళ్ళకీ తెలీదు, పుష్పకీ చెప్పలేదు. ఇందులో చెప్పడానికేముంది అనుకునేవాడు.

శనివారం రాత్రి భోజనాల దగ్గర మాట కదిపాడు. "రేపు సబ్‌మెరైన్‌కి ఎల్దామా?"

దేవి కంచం వదిలేసి గెంతింది. క్లాసులో తన పక్కన కూర్చునే పిల్ల వెళ్ళొచ్చిందట, లోపల మనుషుల బొమ్మలున్నాయట, ఒక బొమ్మ నిద్రపోతా ఉంటుందట.

"నాకు హోంవర్కుంది," అంది నాగశ్రీ.

"వచ్చి రాసుకో," అంది పుష్ప. ఆ గొంతుకి ఇంక తిరుగులేదని పిల్లలకి తెలుసు.

ఆదివారం పొద్దున ముగ్గురూ బండెక్కారు. దేవి ముందు ట్యాంకు మీద కూర్చుంది. నాగశ్రీ వెనక కూర్చుని, తనకీ అతనికీ మధ్య నీళ్ళసీసా ఉన్న స్కూలు బ్యాగు పెట్టుకుంది. జగదాంబ దాటుతుంటే దేవి అమ్మ పనిచేసే షాపుకేసి చెయ్యి ఊపింది. షాపు తలుపులు ఇంకా తియ్యనేలేదు.

టికెట్లు తీసుకుని వరసలో నిలబడ్డారు. వాళ్ళ ముందు ఒడిషానుంచి వచ్చిన కుటుంబం, వెనక కాలేజీ కుర్రాళ్ళ గుంపు. మెట్లెక్కుతుంటే సముద్రపు గాలికి దేవి గౌను బుట్టలా లేచింది. పైన తలుపు దగ్గర నేవీలో పనిచేసి రిటైరైన గైడు నిలబడి, "తలలు జాగ్రత్తమ్మా, ఒక చివర ఎక్కితే ఇంకో చివరే దిగాలి, మధ్యలో వెనక్కి రావడం ఉండదు," అని అందరికీ చెబుతున్నాడు. ఉమాశంకర్ ఆ మాట విన్నాడు గానీ, అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

మొదటి గది బాగానే ఉంది. టార్పెడోలు పెట్టే గొట్టాలు, వాటి గుండ్రటి ఇత్తడి మూతలు. పని తెలిసినవాడు కదా, మూత చుట్టూ ఉన్న బిగింపులు చూసి ముచ్చట పడ్డాడు. "సూసేవా దేవీ, ఈ మూత ఒక్క బొట్టు నీరు లోపలికి రానివ్వదు," అని చూపించాడు. తరవాత ఇనప గోడలో గుండ్రటి కంత వచ్చింది. అదే తలుపు. ఒక కాలు ముందు వేసి, నడుం వంచి, తల దించి, రెండో కాలు లాక్కోవాలి. దేవి చేపలా దూరిపోయింది. నాగశ్రీ దూరింది. ఉమాశంకర్ దూరేటప్పుడు అతని రెండు భుజాలూ ఇనుముకి రాసుకున్నాయి.

అవతల సన్నటి నడవ. ఇటూ అటూ మంచాలు ఒకదాని మీద ఒకటి, తల మీద పైపులు, మీటర్లు, చక్రాలు. డెబ్బై అయిదు మంది ఇందులో నెలల తరబడి ఉండేవారని గైడు చెబుతున్నాడు. చల్లగాలి వదులుతున్నారు గానీ అది ఒంటికి తగలడం లేదు. ముందు ఒడిషా వాళ్ళు ఫొటోలకి ఆగిపోయారు. వెనకనుంచి కాలేజీ కుర్రాళ్ళు వచ్చి నిండిపోయారు. ఉమాశంకర్ తల తిప్పి తాము వచ్చిన కంత కోసం చూశాడు. అది కనబడలేదు, మనుషుల తలలే కనబడ్డాయి.

రెండో కంత ఎలా దాటాడో అతనికి సరిగ్గా గుర్తు లేదు. దాటాక తల మీది పైపు పట్టుకుని ఆగిపోయాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చెవుల్లో హోరు. ఇంతమంది ఉన్నారు, లైట్లున్నాయి, బయట పట్టపగలు అని తనకి తనే చెప్పుకున్నాడు. కాళ్ళు మాత్రం ఆ మాట వినిపించుకోలేదు.

"కాస్త జరగండి అంకుల్," అన్నాడు వెనక కుర్రాడు.

దేవి నాలుగడుగులు ముందు, మంచం మీద పడుకోబెట్టిన బొమ్మ దగ్గర నిలబడి దాని కళ్ళు మూసుకున్నాయా లేదా అని వంగి చూస్తోంది. నాగశ్రీ వెనక్కి తిరిగింది. అతని మొహం చూసింది. తరవాత పైపు మీద వేళ్ళు తెల్లబడిపోయి ఉండటం చూసింది.

"ఏటైంది?"

"ఏం లేదు. నువ్వు సెల్లిని సూసుకో."

ఆ పిల్ల కదల్లేదు. కుర్రాళ్ళకి దారిస్తూ గోడకి ఆనుకుని, అతనికి మాత్రమే వినబడేలా అడిగింది. "భయమేస్తందా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. కానీ తల ఊపాడు.

నాగశ్రీ నవ్వలేదు, కంగారు పడలేదు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. "మొత్తం ఆరు తలుపులు. రెండైపోయాయి. ఇంక నాలుగే. ఆరోది దాటేక మెట్లు, బయటకి."

"నీకెలగ తెల్సు?"

"నాను వచ్చేను. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, మా నాన్నతోటి. అప్పుడు నాను ఇక్కడే ఏడ్చీసేను. తలుపులు లెక్కెట్టుకోమన్నాడు. తలుపు కాకుండా ఇంకేటీ సూడొద్దన్నాడు." బ్యాగు భుజానికి సర్దుకుని, "నడండి," అంది.

చెయ్యి అందుకోలేదు. అతని చొక్కా కఫ్ పట్టుకుంది, రోడ్డు దాటేటప్పుడు ముసలివాళ్ళని పట్టుకున్నట్టు. రెండో చేత్తో దేవి జడ పట్టుకుని ముందుకి కదిలించింది. దేవి ఏదో అడగబోతే, "తరవాత చెప్తాను, నడు," అంది.

"మూడు," అంది కంత దగ్గర. తను ముందు దూరి, అవతల నిలబడి, అతని తల తగలకుండా పై అంచు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అతను దూరాడు.

నాలుగో గది కంట్రోల్ రూము. పెరిస్కోపు దగ్గర అందరూ గుమిగూడారు. దేవి చూస్తానంది, వరసలో నిలబడాల్సి వచ్చింది. ఆ నాలుగైదు నిమిషాలూ ఉమాశంకర్ ఎదుటి గోడలో ఉన్న కంత మీంచి చూపు తిప్పలేదు. నాగశ్రీ కఫ్ వదల్లేదు. గైడు ఇటు చూసి, "నీళ్ళేమన్నా కావాలా బాబూ?" అని అడిగాడు. ఆ పిల్లే బ్యాగులోంచి సీసా తీసి ఇచ్చింది. తాగాక కొంచెం నయమనిపించింది. "నాలుగు." ఇంజన్ల గదిలో, అంత భయంలోనూ, అతని చెయ్యి ఒక పంపు మీద పడింది. అచ్చం షాపులో అతను రోజూ విప్పే రకమే, పరిమాణమే వేరు. చల్లటి ఇనుము. ఒక్క అరక్షణం అతనికి ఊపిరి ఎప్పటిలా ఆడింది. "అయిదు." ఆరోది దాటేసరికి ఇనప మెట్ల మీంచి ఎండ కనబడింది.

బయట ఇసక పక్కన గట్టు మీద కూలబడ్డాడు. సముద్రం ఎప్పటిలాగే చప్పుడు చేస్తోంది. దేవి మాత్రం మళ్ళీ లోపలికి వెళదామని గొడవ. దానికి జరిగింది ఏమీ తెలీదు. మరమరాలు కలిపి అమ్మే మురీ మిక్చర్ బండి కనబడ్డాక ఆ గొడవ మానేసింది. ముగ్గురికీ మూడు పొట్లాలు కొన్నాడు. నాగశ్రీ ఉల్లిపాయ ముక్కలు ఏరి పొట్లం అంచున పెట్టుకుంటూ తింటోంది.

"నువ్వు ఇంతకుముందే సూసేసినట్టు సెప్పలేదేటి?" అన్నాడు ఉమాశంకర్. "ఇంకో చోటుకి తీసుకెల్లేవాణ్ణి."

"మీరు అడగలేదు."

నిజమే. అతను దాని గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఈ పిల్లలకి తనే మొదట చూపిస్తున్నానని రాత్రంతా మురిశాడు. తీరా చూస్తే అది గణేష్ ఎప్పుడో వచ్చి వెళ్ళిన దారి. మొదట కొంచెం చివుక్కుమన్న మాట నిజం. కానీ తనని అందులోంచి బయటికి తీసుకొచ్చినవి ఆయన చెప్పిన మాటలే. ఎన్నడూ చూడని మనిషి, ఫొటోలో దండ వెనక నవ్వుతూ ఉండే మనిషి. ఆయన మీద ఈర్ష్య పడటానికి ఉమాశంకర్‌కి ఏమీ దొరకలేదు.

"ఆ రోజు మీ నాన్న ఇంకేటి సూపించేరు?" అని అడిగాడు.

నాగశ్రీ తినడం ఆపింది. అలా ఎవరూ అడగలేదు కాబోలు. ఇంట్లో ఆ మాట ఎత్తితే పుష్ప కళ్ళు తుడుచుకునేది, ఇక పిల్లలు ఎత్తడం మానేశారు. ఇప్పుడు చెప్పింది. "మ్యూజియం. అక్కడ బాంబుంది. యుద్ధంలో జపాన్ వాళ్ళు మన ఊరి మీద ఏసిందంట, పేలలేదంట. అది ఇంకా ఉందో లేదో."

"బాంబా?" అంది దేవి. "మనం ఎళ్ళాల."

విమానం చూడ్డం మరో వారానికి వాయిదా పడింది. బండి మీద బీచి రోడ్డునే రెండు నిమిషాలు. విశాఖ మ్యూజియం పాత కాలపు డచ్చి వాళ్ళ బంగళా, ఎత్తయిన తలుపులు, అంతకంటే ఎత్తయిన కప్పు, గాలి ఇటునుంచి అటు పోతుంది. ఉమాశంకర్ గుమ్మంలోనే నిలబడి నాలుగు పక్కలా ఎన్ని తలుపులున్నాయో చూసుకున్నాడు. నాగశ్రీ అది గమనించింది.

బాంబు ఉంది. ఆ పిల్ల అనుకున్నదానికంటే చిన్నది. "అప్పుడు చాలా పెద్దగా ఉండేది," అంది కాస్త నిరాశగా.

"అప్పుడు నువ్వు సిన్నదానివి కదా," అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని అన్ని వైపులనుంచీ చూశాడు. ఇనప పని చూస్తే అతనికి మాటలు వాటంతటవే వస్తాయి. ముక్కు భాగం ఎలా బిగిస్తారో, లోపల మందు ఎక్కడ కూరతారో తెలీదు గానీ ఇలాంటి గట్టి డొల్లని ఎలా తయారుచేసి ఉంటారో, పడ్డప్పుడు లోపలి ముల్లు కదలకపోతే పేలకుండా ఎందుకు ఉండిపోగలదో, పంపులో వాల్వు బిగుసుకుపోయినప్పుడు ఏమవుతుందో దానితో పోల్చి చెప్పాడు. చేతులతో గాల్లో మరలు తిప్పి చూపించాడు. దేవి నోరు తెరుచుకుని వింది. పక్కనున్న ఇంకో ఇద్దరు పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు.

"అంటే ఒక చిన్న ముల్లు బిగుసుకుపోబట్టి ఊరు బతికిందన్నమాట," అంది నాగశ్రీ.

"ఊరంతా కాదు గాని, అది పడిన సోట ఉన్నోళ్ళు బతికేరు."

ఆ గది కాపలా చూసే పెద్దాయన, చొక్కా మీద గురునాథరావు అని పేరు బిళ్ళ, కుర్చీలోంచి లేచి వచ్చాడు. ముట్టుకోవద్దని చెప్పడానికే వచ్చి, విని ఆగిపోయాడు. "బాగా చెబుతున్నారమ్మా," అన్నాడు నాగశ్రీతో. "మాస్టారా? మీకేమవుతారు?"

ఉమాశంకర్ లేవబోయి, మోకాలి మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"మా చిన్నాన్న," అంది నాగశ్రీ. "పంపులు బాగుచేస్తాడు."

గురునాథరావు తలాడించి, పై గదిలో పాత కత్తులూ డాళ్ళూ ఉన్నాయి, అవి కూడా చూడండని చెప్పి వెళ్ళిపోయాడు. ఉమాశంకర్ గాజు పెట్టె పక్కన అతికించిన అట్ట మీది అక్షరాలు మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. ఏం చదివాడో తరవాత అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఇంటికి వచ్చాక నాగశ్రీ హోంవర్కుకి కూర్చుంది. పుష్ప షాపునుంచి వచ్చి చెప్పులు విప్పుతూండగానే దేవి అందుకుంది, నిద్రపోతున్న బొమ్మ, బాంబు, మురీ మిక్చర్, అన్నీ ఒక్క ఊపిరిలో. నాగశ్రీ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. సబ్‌మెరైన్‌లో జరిగింది ఆ పిల్ల చెప్పదని అతనికి అర్థమైంది. అందుకే తనే చెప్పాడు. నూనె ట్యాంకు దగ్గర మొదలెట్టి కఫ్ పట్టుకోవడం దాకా చెప్పాడు. పుష్ప పొయ్యి ముందు నిలబడి, గరిటె చేతిలో ఉండగానే వింది.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటి బావా?"

"ఏటని సెప్తాను?"

"మెట్లెక్కి ఎక్కి మోకాళ్ళు నొప్పంటే, లిఫ్టెక్కొచ్చు కదా అని ఎన్నిసార్లు తిట్టేను నిన్ను." గరిటె గిన్నెలో పెట్టింది. తరవాత పెద్దకూతురి దగ్గరికి వెళ్ళి, జడ విప్పి దువ్వడం మొదలెట్టింది. అది దువ్వుకునే వేళ కాదు. నాగశ్రీ అలాగే రాసుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక, "అమ్మా, నాన్న నన్ను సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళినప్పుడు నువ్వెందుకు రాలేదు?" అని అడిగింది.

"దేవి కడుపులో ఉంది. ఆ కంతల్లో నేనెక్కడ దూరగలను?" అంది పుష్ప. అని నవ్వింది. ఆ ఇంట్లో గణేష్ మాట వచ్చినప్పుడు నవ్వడం ఉమాశంకర్ చూసింది అదే మొదలు. ఆ రాత్రి భోజనాల దగ్గర గణేష్ కబుర్లు చాలానే వచ్చాయి. ఆయనకి లారీ హారను మోతని బట్టి బండి ఏ సంవత్సరానిదో చెప్పడం వచ్చట. ఉమాశంకర్ అది నమ్మలేదు. నమ్మనని చెబితే తల్లీకూతుళ్ళు ముగ్గురూ అతని మీద పడ్డారు.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. ఆదివారాలు వాళ్ళకి తిరుగుళ్ళకే సరిపోతున్నాయి. విమానం చూశారు. తొట్లకొండ ఎక్కి, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూశారు. బొజ్జన్నకొండ గుహల దగ్గర ఉమాశంకర్ బయట చెట్టు కింద కూర్చుంటే, పిల్లలు లోపలికి వెళ్ళి ఏముందో వచ్చి చెప్పారు. నాగశ్రీ ఇప్పుడు తొమ్మిదో తరగతి. వెళ్ళేముందు లైబ్రరీలోంచి పుస్తకం తెచ్చి చదువుతుంది, తప్పు చెప్పే గైడుని నిలదీస్తుంది. అతను ఇప్పటికీ లిఫ్టెక్కడు. ఎక్కమని ఇంట్లో ఎవరూ అడగరు.

పోయిన నెలలో పుష్పకి ఎన్నడూ లేనిది ఒక ఆదివారం సెలవు దొరికింది. నలుగురూ కలిసి భీమిలి వెళ్ళారు. డచ్చివాళ్ళ సమాధుల తోటలో మొనలు తేలిన పాత గోరీలు, మధ్యలో పచ్చగడ్డి, ఎవరూ లేరు. ఆరు రోజులు చీరలు మడతపెట్టిన మనిషి, ఒక గోరీ నీడలో కొంగు తల వెనక పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. దేవి రాళ్ళ మీది అక్షరాలు కూడబలుక్కుని చదవబోయింది. అవి ఇంగ్లీషులా ఉన్నాయి గానీ ఇంగ్లీషు కాదు.

"అంకెలు సదువు," అన్నాడు ఉమాశంకర్. "అవి అందరికీ ఒకటే."

నాగశ్రీ వేలితో రాతిమీది నాచు తుడిచి చదివింది. పదహారు వందల ఎంతో. అప్పుడు ఈ ఊరు ఎలా ఉండేదో, ఈ మనిషి ఎక్కడినుంచి ఎందుకు వచ్చాడో, అతనికి పిల్లలుండేవారో లేదో అని ముగ్గురూ గొంతులు తగ్గించి వాదించుకున్నారు. తగరపువలసలో తమ్ముడింట్లో భోజనానికి చెప్పి ఉంచారు, చేపల పులుసు. పన్నెండున్నర దాటింది. తమ్ముడు రెండుసార్లు ఫోను చేశాడు. ఉమాశంకర్ ఫోను సైలెంటులో పెట్టి జేబులో వేసుకున్నాడు.

"చిన్నాన్నా, అమ్మని లేపనా?" అంది దేవి.

"ఒద్దు," అన్నాడు. "ఇంకాసేపు తొంగోనీ."